మలుగు చుట్టాలు

వరస కలపకుండా సారవ్వ ఎవరికీ మంచినీళ్లు కూడా ఇవ్వదు. గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కి ఆమె పక్కన కూర్చున్న పాపానికి, దిగేలోపు ఎవరైనా ఆమెకు కాకో మరదలో అయి తీరాల్సిందే. కోడలు జమున డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. అక్కడ చెప్పేవీ ఒకరకంగా వరసలేనని సారవ్వకు ఇన్నాళ్లూ తెలియదు.

జమునకు ఏడో నెల. తొలి కాన్పుకు గోలేటిలో తల్లిగారింటికి పోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. సారవ్వ ససేమిరా అంటోంది. "ఈడ గింత పెద్ద దవాఖాన ఉండంగ ఆడికెందుకు?" అన్నది పైకి చెప్పే మాట. కోడలు లేని ఇంట్లో ఆమెకు పొద్దు పోదు, అదీ అసలు సంగతి. అది జమునకు తెలుసు. తెలుసు కాబట్టే గట్టిగా అడగలేకపోతోంది. కోపంతో కట్టేస్తే తెంచుకోవచ్చు, ప్రేమతో కట్టేస్తే ఏం చేస్తాం?

ఆ ఆదివారం మామ గట్టయ్య గోదావరి నుంచి బకెట్ మోసుకొచ్చాడు. బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాక ఆయన పట్టిన డ్యూటీ గాలమే. బకెట్‌లో చెయ్యంత లావు జీవి చుట్టలు చుట్టుకుని ఉంది.

సారవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "పామును తెచ్చినవా? కడుపుతోటున్న పిల్ల ఇంట్ల ఉన్నదన్న సోయి లేదా?"

"పాము కాదే, మలుగు. చాపనే. పులుసు పెట్టు."

"నా గిన్నెల పాము ఉడుకది."

ఇద్దరూ తీర్పు కోసం జమున వైపు చూశారు. ఆమె నడుం మీద చెయ్యేసుకుని వంగింది. "చాపనే అత్తమ్మా. తలకాయ పక్కన మొప్పలు చూడు, రెక్కలు చూడు."

"చాపైతే దీని చుట్టాలెవరు?"

జమునకు నవ్వొచ్చింది. నవ్వు వెంట పాఠమూ వచ్చింది. "టార్పన్ అని ఒకటున్నది. వెండిబిళ్లలసొంటి పొలుసులు, మనిషికంటె పొడుగు పెరుగుతది. నీళ్ల మీదికొచ్చి గాలి మింగుతది. లేడీఫిష్ అని ఇంకోటి, సన్నగుంటది, మస్తు ఉరుకుతది. గవే దీని చుట్టాలు."

"మొకమన్న కలుస్తదా?"

"పెద్దగయినంక కలువది. పిల్లలప్పుడు మాత్రం అన్నీ ఒక్క తీరే. పల్చటి ఆకు లెక్కుంటయి, అవుతలిది కనవడతది. గందుకే పుస్తకాలల్ల ఒక్క ఇంటోళ్లని రాసిన్రు."

సారవ్వ తలూపింది. "నిజమే. నాకూ మా చెల్లెకూ ఇప్పుడు పోలికేడిది? చిన్నప్పటి ఫోటోల ఎవరెవరో నాకే తెల్వది." వరస కుదిరింది, భయం పోయింది. ఆటోలో అడిగినట్టే అడిగింది. "మరి దీనిదే ఊరు?"

"పుట్టింది సముద్రంల. చిన్నగున్నప్పుడే నదికి ఎదురెక్కి వచ్చింది, పెరిగిందంతా ఈడనే. గింత పెద్దగున్నదంటే ఆడదే అయ్యుంటది. గుడ్లు పెట్టే యాళ్లకు మళ్ల సముద్రానికే పోవాలె."

అన్నాక నాలుక కరుచుకుంది. కావాలని అన్న మాట కాదు. అయినా తల దించుకుంది.

సారవ్వ బకెట్‌లోకి చూస్తూ నిలబడింది. మలుగు దారి వెతుక్కుంటూ అంచుకు మూతి కొట్టుకుంటోంది.

"కత్తిపీట లోపల పెట్టు," అంది మొగుడితో.

"మరి పులుసో?"

"తల్లిగారింటికి పోయేదాన్ని తొవ్వల పట్టుకొచ్చి పులుసంటవా? లే, ఆటో పిలువు."

గట్టయ్య మొహం మాడింది. జమున కూడా వాళ్లతో ఆటో ఎక్కింది. ఆటోలో ఎదురుగా కూర్చున్నాయన కాళ్లు పైకి ముడుచుకుని, "పామా అవ్వా?" అని అడిగాడు.

"మా చుట్టం," అంది సారవ్వ.

గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. దిగువ బ్యారేజీ గేట్లు ఎత్తారని పొద్దున్నుంచి ఊరంతా చెప్పుకుంటున్నారు. గట్టయ్య బకెట్ వంచగానే మలుగు ఒక్క మెలిక తిరిగి మాయమైంది. సారవ్వ కొంగులోంచి పసుపు బియ్యం తీసి దాని వెనకే చల్లింది.

"మళ్ల ఎప్పుడొస్తది?"

జమునకు తెలుసు, గుడ్లు పెట్టిన మలుగు తిరిగి రాదు. దాని బతుకు అక్కడితో సరి. పాఠంలో అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"పిల్లలొస్తయత్తమ్మా," అంది.

ముఖం చూసి వరస పట్టే మనిషికి ఆ ముఖం చాలు. మలుగు ఇక రాదని సారవ్వకు అర్థమైంది. కోడలి చెయ్యి పట్టుకుంది.

"రేపు నీ బట్టలు నేనే సర్దుత. గోలేటిల నేనే దించొస్త. నువ్వు మాత్రం గిట్ల పిల్లనొక్కదాన్నే పంపకు బిడ్డా. నువ్వు సుత రావాలె."