కల్నల్ గారి బదులు

అమెరికా సరిహద్దుకు ఇవతల, హామిల్టన్‌లో మా వీధి చివరి చిన్న మ్యూజియంలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. నూట నలభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో అమెరికా తరఫున కాన్సల్‌గా పనిచేసిన కల్నల్ థార్న్ మీద ప్రదర్శన పెడుతున్నాం. లాయరు, సైనికుడు, శాసనసభ్యుడు, ఆఖరికి దౌత్యవేత్త. "అమెరికాలో బానిసత్వాన్ని అంతం చేసిన యుద్ధంలో ప్రాణాలకు తెగించి పోరాడాడు" అని గోడమీది బోర్డుకు రాసిందీ నేనే, రాసి మురిసిపోయిందీ నేనే.

శుక్రవారం పొద్దున ఆయన కాగితాల పెట్టె అడుగున, పంపకుండా ఉంచేసిన ఉత్తరం ఒకటి దొరికింది. ఇదే ఊళ్ళోని ఒక తల్లికి రాశాడు. "యుద్ధానికి పంపేవాళ్ళ కోసం తీసిన చీటీల్లో నా పేరు వచ్చింది. డబ్బిచ్చి, నా బదులు సరిహద్దు దాటొచ్చిన మీ అబ్బాయి డేనియల్‌ని పంపాను. నేను ఇంటిపట్టునే ఉన్నాను. అతను తిరిగి రాలేదు."

ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుని ఊరేగించింది ఈ పెద్దమనిషినా! తక్కిన కాగితాలు తిరగేస్తే, కల్నల్ అన్నది కూడా యుద్ధమయ్యాక గవర్నరు ఊరికే ఇచ్చిన బిరుదట.

సాయంత్రంలోగా బోర్డు ప్రింటుకు వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న మా ఆయన భరద్వాజ్ ముందు కోపమంతా వెళ్ళగక్కాను.

"సిగ్గుండక్కర్లా? ఇంకొకణ్ణి పంపి తను వీరుడైపోతాడా?"

"వదిలెయ్ నిఖిలా. అప్పట్లో అది లీగలే కదా. తర్వాత మంచి పనులు చేశాడుగా."

"చేస్తే?"

"మొదటి మెట్టు ఎక్కడానికి ఒకడి హెల్ప్ తీసుకుంటే, మిగతా లైఫంతా అబద్ధమైపోతుందా?"

పెరుగన్నం కలుపుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. ఆ మాట కల్నల్ గురించి కాదని అప్పుడు తట్టింది నాకు.

"ఏం చేశావ్?"

"ఫస్ట్ జాబ్... ఫోన్ ఇంటర్వ్యూ నేను అటెండ్ కాలేదు. ప్రాక్సీ పెట్టా. నా పేరుతో ఇంకొకడు మాట్లాడాడు."

పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఒక్క ముక్క చెప్పలేదు. మా ఆయన టీమ్ లీడని నేను చెప్పుకోని మనిషి లేదు ఈ ఊళ్ళో. కోపం కన్నా ముందు భయం వేసింది, ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలియనట్టు.

ల్యాప్‌టాప్ తెరిచాను. "ప్రాణాలకు తెగించి" అన్న వాక్యం కొట్టేసి, అక్కడ డేనియల్ పేరు, అతని తల్లి పేరు రాసి ప్రింటుకు పంపేశాను.

"నీ బదులు మాట్లాడినవాడి పేరేంటి?" అని అడిగాను.

అతను కంచంలో చెయ్యి కడిగేశాడు.

"తెలీదు. అడగలేదు."

"ఆ కల్నలే నయం," అన్నాను. "పేరైనా గుర్తుపెట్టుకున్నాడు."