చప్పుడు చెయ్యని ఇల్లు

సంతోషి స్టీలు గిన్నెల మధ్య పాత చీర పేలికలు పెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చుతోంది. వెనక మంచం మీద ఆమె భర్త రాయమల్లు పడుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగి స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో కాటుకలా బొగ్గు మిగిలే ఉంది. ఒక్క గది క్వార్టరు. పగటి నిద్ర చెదిరితే రాత్రి గనిలో ఆయన తల తూలుతుందని, తూలితే ఏమవుతుందోనని, కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెకు ఒకటే దిగులు. తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టింది. కొడుకు పట్టీల మువ్వలు తీయించింది. తెలంగాణ పాటల మైకు కట్టుకున్న ఆటో తమ లైన్లోకి మళ్లితే ఎదురు పరుగెత్తి, దండం పెట్టి వెనక్కి పంపిస్తుంది.

మూడో ఏడు నిండవస్తున్నా రఘు నోరు విప్పలేదు. దాహమైతే చెంబు చూపిస్తాడు, ఆకలైతే కొంగు లాగుతాడు. నీ కొడుకు పెద్దసారు లెక్క, సైగలతోనే పని చేపిస్తడని ఎదురింటి పోశవ్వ నవ్వుతుంది. సంతోషి నవ్వలేక నవ్వుతుంది.

ఆ పొద్దున సుసన్నా వచ్చింది. పిల్లలు పుట్టింది మొదలు బడి ఈడు దాకా ఎట్లా ఎదుగుతున్నారో, ఇంటిల్లిపాది బాగోగులేమిటో ఏళ్ల తరబడి చూసే పరిశోధనలో ఆమెకు ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం. రఘును గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచింది, తూకం చూసింది. ఒంటికి ఏ లోటూ లేదంది. మాటలెన్ని వచ్చని అడిగింది.

మస్తు మాట్లాడుతడని సంతోషి గుసగుసగా చెప్పింది. ఏడో తరగతిలో బడి మానిన దానికి పిల్లల్ని పెంచడమేం తెలుసనుకుంటారేమోనని ఆమె భయం.

సుసన్నా గిన్నెల మధ్య పేలికలను చూసింది. మంచం వైపు చూసింది. తనూ గొంతు తగ్గించింది.

"మా నాయినది గూడ రాత్రి డ్యూటే సంతోషీ. మా తమ్ముడు ఐదేండ్లకు మాట్లాడిండు. పోరడు వింటేనే గదా అనేది. వానితోని గట్టిగ మాట్లాడు. వాన్ని ఒర్రనియ్యి."

"ఆయన లేస్తడక్కా."



సాయంత్రం అన్నం ముందు కూర్చుని రాయమల్లు నవ్వాడు.

"మీ గుసగుసలకే నాకు మెలకువొచ్చింది." ముద్ద కలుపుతూ మళ్లీ అన్నాడు. "రేపటిసంది నేను మా గని సంఘం ఆఫీసుల పండుకుంట. ఆడ ఫ్యాను గూడ ఉన్నది. నువ్వు, నీ కొడుకు లొల్లి పెట్టుకోండ్రి."

"నిద్ర సాలకపోతె ఎట్ల?"

"గని మనిషికి నిద్ర ఫికరేందే, చీకట్లనే బతుకుతం."

బజారులో పనుందని, ఎప్పటికన్నా ముందే సైకిలు తీశాడు.

తెల్లవారి ఆయన రాలేదు. ఆయనతో పనిచేసే బిక్షం వచ్చి గడప బయటే నిలబడిపోయాడు. గనిలో పైనుంచి బండ పడ్డదని, దవాఖాన దాకా కూడా ప్రాణం ఆగలేదని చెప్పాడు.

సంతోషి ఒక్కటే అడిగింది. "నిద్రల గిట్ల తూలిండా అన్నా?"

"లేదు చెల్లె. మంచిగనే ఉండె. నీ కొడుకు ముచ్చటే చెప్పుకుంట వచ్చిండు."

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. శవం ఇంకా రాలేదు. కమాన్‌పూర్ నుంచి వచ్చిన ఆడబిడ్డలు గుండెలు బాదుకున్నారు. ఆ గది అంత చప్పుడు ఎన్నడూ ఎరగదు. సంతోషి మాత్రం అలవాటుగా నోట్లో కొంగు కుక్కుకునే ఏడ్చింది. రఘు బెదిరిపోయి, నాయిన లేస్తాడేమోనని ఖాళీ మంచం వైపు చూశాడు.

పొద్దు వాలాక బిక్షం గని దగ్గరి నుంచి రాయమల్లు సైకిలు నడిపించుకుంటూ తెచ్చి గోడకు ఆనించాడు. దాని హ్యాండిలుకు పిల్లలు ఊదే ఎర్ర ప్లాస్టిక్ పీపీ ఒకటి, దుకాణంవాడు కట్టిన దారంతోనే వేలాడుతోంది.