శనివారం పీనట్ బటర్ బారు

దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో అఖిలకు రూమ్మేట్ విజయశ్రీ. మిగతా రోజుల్లో కోడికూర లేనిదే ముద్ద దిగని ఆ మనిషికి శనివారం మాత్రం ఒక్కపొద్దు. ఆ రోజు గుడ్డు మాట కూడా వినబడకూడదు. పోయిన శనివారం అఖిల కెటిల్లో గుడ్డు ఉడకబెట్టుకుందని నానా రభస చేసింది. "రూమంత మైల జేసినవ్" అంటూ అందరి ముందూ అఖిల చేతే గదంతా కడిగించి, పసుపునీళ్లు చల్లించింది. అఖిల పళ్లు కొరుక్కుంటూ చల్లింది.

ఇంత మడి ఉన్న మనిషికి అఖిల డబ్బాలోని పీనట్ బటర్ బార్లు దొంగతనంగా తినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. అడిగితే, "నీ తిండి నాకెందుకే?" అని మీదికొచ్చేది.

ఈ వారం అఖిల ఎల్బీనగర్ దాకా పోయి, వెతికి వెతికి వేరే రకం బారు తెచ్చి డబ్బాలో పెట్టింది. శనివారం సాయంత్రం స్నానానికని బకెట్ పట్టుకుని వెళ్లి, కాసేపటికే తిరిగొచ్చింది. విజయశ్రీ బుగ్గ ఉబ్బి ఉంది. చేతిలో సగం బారు.

"ఎట్లుందక్కా?"

దొరికిపోయిన విజయశ్రీ నవ్వేసింది. "పల్లిపట్టి లెక్క గట్టిగ లేదే. మెత్తగ, కమ్మగుంది. ఆకలికి ఆగలేకపోయిన, ఏమనుకోకు."

"అయ్యో, తిను."

మంచం మీద పడున్న బారు కవరు తీసి అఖిల ఆమె కళ్లముందు పెట్టింది. పచ్చచుక్క ఉండాల్సిన చోట మాంసాహారం గుర్తు ఉంది. దాని కింద, గుడ్డు తెల్లసొన కలిపినట్టు రాసి ఉంది.

నములుతున్న నోరు ఆగిపోయింది.

అఖిల బకెట్ ముందుకు జరిపింది. నిండా పసుపునీళ్లు.

"నోరు తెరువక్కా, చల్లుత."