పాజ్ నొక్కని యుద్ధం

“యుద్ధం మొదలయ్యేలోపు టీ పెట్టెయ్యవోయ్,” అన్నారు మావారు.

మా ఇంట్లో ఆదివారం యుద్ధం సినిమా చూడటమంటే పరీక్ష పేపర్లు దిద్దడమే. మావారు వాస్తవికతకి మార్కులు వేస్తారు, మరిది కథనానికి. మా అత్తగారు మాత్రం హీరో రంగుకి. ఆవిడ మార్కుల మీద నేను వేసిన జోకులకి లెక్కలేదు. తెర మీద ట్యాంకులు పేలుతుంటే మేడ మీద ట్యాంకు నిండిందో లేదో చూసేది నేనే. బయటి పోరు వాళ్ళకి, ఇంటిపోరు నాకు. ఇలా పేలుతుంటానని అందరూ నన్ను ‘టపాకాయ్’ అంటారు. పేరు బాగానే ఉంది, పేలాక ఊడ్చుకునేదీ నేనే.

ఆవేళా టీ అన్నారు, లేచాను. మంచినీళ్ళన్నారు, లేచాను. మావారు బాత్రూముకి లేస్తే పాజ్ నొక్కారు. మరిదికి ఫోనొస్తే పాజ్ నొక్కారు. నేను లేచినప్పుడు యుద్ధం దాని మానాన అది సాగింది.

“హెలికాప్టరు అంత కిందికి దిగితే కూలిపోతుంది. నాలుగు మార్కులు చాలు,” అని సినిమా అయ్యాక మావారు తేల్చేశారు.

“కథనం మాత్రం అదిరిందన్నయ్యా. నీకెలా ఉంది వదినా?”

నన్నడిగాడు. చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని మరీ చెప్పాను. “కథలో పెద్ద లోపముంది. ఆ స్నేహితుడు ఉన్నట్టుండి శత్రువుల గుడారంలోకి పోయి ఎందుకు చచ్చాడు? కారణమే చూపించలేదు.”

“చూపించాడు వదినా, పావుగంట సేపు. సినిమాకి ప్రాణమే ఆ సీను. నువ్వు కప్పులు కడుగుతున్నావు.”

“ముందు సినిమా చూసి, తర్వాత వంకలు పెట్టాలోయ్,” అన్నారు మావారు, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

చెవులు కాలిపోయాయి. మా ఆఫీసు మీటింగులో టీలు పురమాయించి తిరిగొచ్చి, అప్పటికే తేలిపోయిన విషయం మీద సలహా ఇచ్చినప్పుడూ ఇలాగే కాలాయి. అక్కడ చేసిందే ఇక్కడా చేశాను. “లోపం కథలో కాదులెండి, లోపల వంటింట్లో ఉంది,” అని అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అత్తగారు నవ్వలేదు. ఖాళీ గ్లాసు అందిస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. “హీరో రంగుకే మార్కులెందుకు వేస్తాననుకున్నావే? వంటింటి గుమ్మంలోంచి నాకు కనపడింది అదొక్కటే. ఇప్పుడు కుర్చీ దొరికినా, కథ పట్టుకోవడం చేతకావట్లేదు.”

గ్లాసు అందుకున్నాను. మావారు నవ్వితే చెవులే కాలాయి. ఇప్పుడు తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

మళ్ళీ ఆదివారం మళ్ళీ యుద్ధం. హీరో తుపాకీ ఎత్తాడు. “టీ,” అన్నారు మావారు. లేచి, బల్ల మీది రిమోట్ తీసుకుని పాజ్ నొక్కి, దాన్ని అత్తగారి ఒళ్ళో పెట్టాను. ఆవిడ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

“అదేంటోయ్, మాంచి సీను!”

తెర మీద ఎత్తిన తుపాకీ ఎత్తినట్టే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పెట్టాను, సన్నటి మంట మీద.