ఒండ్రు మట్టి

“ముందు మిక్సీ పైకి తెచ్చెయ్, నీళ్ళు తగిలితే మోటారు కాలిపోతుంది” అని మేడ మీంచి భర్త కేకేసేసరికి, ఆమె మోకాలి లోతు నీళ్ళలో బియ్యం డబ్బా నడుముకి ఆనించుకుని నిలబడి ఉంది. పరుపులు, గ్యాసు బండ, అత్తగారి మందులు అప్పటికే పైకి చేరాయి. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. “నది ఇక్కడే వంపు తిరుగుతుంది కదండీ, ఇవతలి ఒడ్డు పల్లం. రెండు పక్కలా కొండలు. ఇంత వాన కురిస్తే నీళ్ళు మాత్రం ఎక్కడికి పోతాయి?” కాలేజీలో భూగోళం చెబుతాడాయన. నది మాటొస్తే ఒళ్ళు మరిచిపోతాడు. ఆమె మిక్సీ కోసం మళ్ళీ కిందికి దిగింది.

మధ్యాహ్నం పడవ వచ్చింది. “ఎంతమంది?” అని అడిగాడు పడవ నడిపే మనిషి.

“ముగ్గురం” అన్నాడు భర్త. అమ్మానాన్నల్ని జాగ్రత్తగా ఎక్కించి తనూ ఎక్కాడు. వెనక మెట్టు మీద ఆమె రెండు చేతుల్లో రెండు మూటలతో నిలబడి ఉంది.

“మరి ఈవిడ?”

“అరె, మా ఆవిడే! రా, రా. ముందా మూటలు ఇటివ్వు.”

మూటలు ఎక్కాక ఆమె ఎక్కింది. అడగకూడదనుకుంటూనే అడిగింది, “నన్ను చెప్పలేదేం?” అని. “నువ్వూ నేనూ వేరా ఏమిటి? కలిపే చెప్పాను” అన్నాడాయన. “ఇంత వరదలో నీకిదొకటా అమ్మా” అని అత్తగారు మొహం తిప్పుకుంది.

కలిపే చెప్పాడట. పొద్దుట్నుంచి మెట్లెక్కి దిగి లాగేస్తున్న పిక్కలు మాత్రం ఆమె ఒక్కదానివే. కాపురానికొచ్చిన కొత్తలో “మా ఆవిడ నోట్లో నాలుకే లేదు” అని ఆయన స్నేహితులతో మురిసిపోతూ చెప్పేవాడు. వినగా వినగా, నిజంగానే లేదేమోనని ఆమెకే అనుమానం పట్టుకుంది. “మా కోడలు గడప దాటదు” అనేది అత్తగారి మెచ్చుకోలు. ఇన్నేళ్ళుగా ఈ లోయలోనే ఉంటున్నా, వంటింటి కిటికీలో పట్టేంత నదే ఆమెకి తెలుసు. ఒకసారి అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళమంటే “అక్కడేముంది, ఇక్కడి బురదే అక్కడా” అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఎత్తు మీదున్న బడిలో అందరికీ చోటిచ్చారు. చేపలు పట్టేవాళ్ళు, అరటి తోటల కూలీలు, ఇటుక బట్టీల వాళ్ళు. ఆడవాళ్ళు ఒకరినొకరు వదినా, పిన్నీ అని పిలుచుకుంటూ దుప్పట్లు పంచుకుంటున్నారు. “లెక్చరరు గారి భార్యట” అని గుసగుసలాడుకుని, మర్యాదగా పక్కకి జరిగి ఆమెకి కాస్త చోటు వదిలారు. ఆ ఖాళీలో ఆమె కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అంతమంది మధ్య పలకరించడానికి ఒక్క మనిషి లేదు.

మర్నాడు ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. “లంకల్లో జ్వరాలట. ఎవరైనా ఆడమనిషి తోడొస్తారా? మగవాళ్ళు వస్తే ఆడవాళ్ళు ఏ బాధా చెప్పరు.” అందరి ఒళ్ళోనూ పిల్లలున్నారు. ఆమె ఒడి ఖాళీగా ఉంది. భర్త వరండాలో ఎవరికో వరదల గురించి వివరిస్తున్నాడు. ఆమె లేచి నిలబడింది.

కిటికీ చట్రం లేకుండా నదిని చూడడం అదే మొదలు. ఎంత వెడల్పు! నీళ్ళ మీద అరటాకుల కొసలు, ఇళ్ళ కప్పులు, కప్పుల మీద మేకలతో సహా మనుషులు. ఒక లంకలో ఒళ్ళు కాలిపోతున్న బాలింత, నర్సమ్మ ఏమడిగినా తల అడ్డంగానే ఊపింది. ఆమె వెళ్ళి బాలింత పక్కన కూర్చుని ఊరికే చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఆ పిల్ల ఆమె చెవిలో చెప్పింది, రొమ్ము గడ్డకట్టి సలుపుతోందనీ, అత్తతో చెప్పాలంటే సిగ్గనీ.

“నాతో అనలేదు చూశారా!” అంది నర్సమ్మ తిరుగు దారిలో. “రోజూ రండి. నీళ్ళు తీసినా ఈ జ్వరాలు పోవు. ఆస్పత్రిలో మనిషి కావాలి కూడా.”

బడికి తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగలేదు. “టీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు” అన్నాడు భర్త. నీళ్ళున్నన్ని రోజులూ ఆమె పడవెక్కుతూనే ఉంది.

వరద తీశాక ఇంటికొచ్చారు. గదుల నిండా చీలమండల లోతు మట్టి. భర్త వంగి పిడికెడు తీసి వేళ్ళతో నలిపి మురిసిపోయాడు. “ఒండ్రు! ఈ లోయ ఇంత పచ్చగా ఉందంటే దీని చలవే. నది తీసుకెళ్ళేది తక్కువ, ఇచ్చేది ఎక్కువ.”

“ముందు వంటిల్లు కడుగమ్మా, తర్వాత మా గది” అంది అత్తగారు అరుగు మీద కుర్చీలోంచి.

ఆమె చీర ఎగదోపుకుని వంటిల్లు సగం దాకా గీకింది. నడుం నిలబెట్టి చూస్తే రేవులో నర్సమ్మ పడవ కనిపించింది. పార గోడకి ఆనించి, కాళ్ళూ చేతులూ కడుక్కుంది.

“ఎక్కడికి?” అన్నాడు భర్త.

“లంకకి. బాలింతని చూడాలి. సాయంత్రం వస్తాను. రేపూ వెళ్తాను.”

“మరి ఇదంతా?”

“ఎండ ముదరకముందే గీకెయ్యండి. ఎండిందంటే ఊడి రాదు.”

వెనక్కి చూడకూడదనుకుంది గానీ, రేవు మలుపులో ఒకసారి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల్నుంచి మాత్రం, అలవాటు లేని చేతుల్లో పార నేలకి తగిలి జారుతున్న చప్పుడు, ఆగి ఆగి వినిపించింది.