పొగకెండిన కర్ర

మల్లేశ్వరమ్మ అటక మీది కర్రను రెండు చేతులతో దించి, కొంగుతో తుడిచి మొగుడి చేతికిచ్చింది.

"ఇదిగో నా సవితి. పదిలంగా తీసుకపో."

ఇరవై రెండేళ్ళుగా అదే మాట. ఆదెయ్య రోజూ కొత్తగా విన్నట్టే నవ్వుతాడు.

అది నల్లమల వెదురు. ఆదెయ్య నాయన కొట్టుకొచ్చి, ఏడాదిపాటు పొయ్యి మీద పొగకు వేలాడదీశాడు. పచ్చికర్రలో నీళ్ళుంటాయి, నీళ్ళల్లో కరెంటు నడుస్తుంది అని ఆయన నేర్పిన ఒక్క పాఠమే ఆదెయ్య చదువు. కర్ర కొసను పంగలా చీల్చి సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. అడుగు నుంచి పంగ దాకా సరిగ్గా రెండున్నర మీటర్లు. డాబా మీద సర్వీసు వైరు కనీసం అంత ఎత్తున ఉండాలని రూలు.

మార్కాపురంలో ఇళ్ళు మేడలైనాయి గానీ స్తంభాలు పెరగలేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ కోటేశ్వరరావు వచ్చి టేపు సాచి ఫోటో తీస్తాడు. ఆ కాసేపూ ఆదెయ్య వైరును కర్రతో ఎత్తి, గోడ చాటుకు జరిగి నిలబడతాడు. ఫోటోలో వైరుంటుంది, టేపు ఉంటుంది, ఆదెయ్య ఉండడు. ఆఫీసు రిజిస్టరులోనూ ఉండడు. ఎత్తి ఎత్తి కుడి భుజం కాస్త పైకే నిలిచిపోయింది. "ఏంది మామా, బస్సు ఆపుతున్నావా?" అని టీకొట్టు దగ్గర నవ్వుతారు. ఆయనా నవ్వి, అల్లం టీలో బన్ను ముంచుకుంటాడు. మెత్తబడిన బన్ను తెగిపడేలోపు నోట్లో వేసుకోవడం ఆయనకు రోజూ ఒక చిన్న గెలుపు.

ఆ రోజు మొదటి ఫిర్యాదు పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో, శైలజది. పెళ్ళయి రెండు నెలలు. డాబా మీది ఒంటిగదిలో కాపురం. మెడలో తాడు ఇంకా పచ్చగానే ఉంది. బకెట్లో పూసిన నాలుగు బంతిపూలను వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. ఆ బకెట్‌కు మూరెడు దూరంలో, ఆమె తలకు తగిలేటంత కిందుగా వేలాడుతోంది వైరు. ఒకచోట తొడుగు పగిలి తెల్లటి తీగ మెరుస్తోంది.

"నిన్న తడిజుట్టు తగిలింది చిన్నాయనా," అంది శైలజ ఆదెయ్యతో. "జిల్లుమన్నది. మా ఆయన, నన్ను చూసి కరెంటే భయపడిందన్నాడు." నవ్వింది గానీ చెయ్యి తల మీదికే పోయింది.

ఆదెయ్య కర్ర నిలబెట్టాడు. వైరు పంగలో కూర్చుంది. కోటేశ్వరరావు ఫోటో తీశాడు. క్షణంలో శైలజ ఫోను మోగింది. ఫిర్యాదు పరిష్కరించబడిందని మెసేజి.

"కర్ర తీసేస్తే ఏంది అన్నా?" అందామె.

"స్తంభం రావాలమ్మా. మూడు నెలల నుంచి రాస్తానే ఉన్నా. ఈ పొద్దుకు ఫిర్యాదులన్నీ మూయకపోతే నా మీదికొస్తది." ఆమె ముఖం చూడకుండానే కోటేశ్వరరావు మెట్లు దిగిపోయాడు.

ఆదెయ్య కర్ర తియ్యబోయాడు. శైలజ అలవాటుగా తల వంచింది. వైరు ఇంకా పైనే ఉంది, ఆమె మాత్రం ముందే వంగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మూలన పడున్న పలకరాళ్ళు నాలుగు తెచ్చి కర్ర మొదట్లో బిగించాడు. ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇది ముట్టుకోవాకు తల్లీ. స్తంభం వచ్చిందాక ఉండనీ."

"మరి నీకో?"

"ఇంకోటి ఉండాది ఇంట్లో." లేదు.

"రేపు ఇటే రా చిన్నాయనా. ఉగ్గాని చేస్తా."

రెండో ఫిర్యాదు ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు. ఆ డాబా నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తినే సరుకున్న చోటికి చెప్పులతో పోకూడదని ఆదెయ్య మెట్ల దగ్గరే విడిచాడు. పైన తొట్టి పొర్లి గచ్చంతా తడిగా ఉంది.

"కర్ర ఏది మామా?" అన్నాడు కోటేశ్వరరావు.

"మర్చిపోయినా సారూ. లైను ఆపరాదా?"

"పది నిమిషాలు ఆపితే వీధంతా ఫోన్లే. ఒక్క ఫోటోకు ఏమవుతది? అదిగో, ఆ కట్టె తీసుకో."

గోడకు ఆనించి కొత్తగా కొట్టిన సుబాబుల్ కట్టె ఉంది. ఆదెయ్య పట్టుకున్నాడు. అరచేతికి చల్లగా తగిలింది. లోపల ఇంకా నీళ్ళున్నాయని చెయ్యి చెప్పింది. పై గుడ్డ తీసి పిడికిటికి చుట్టాడు. గుడ్డా చెమటకు తడిసే ఉంది. నాయన మాట గుర్తొచ్చింది. కోటేశ్వరరావు అప్పటికే టేపు సాచాడు. ఆదెయ్య వైరును ఎత్తాడు.

"ఇంకొంచెం... ఆ, అంతే. కదలాకు."

ఆ కట్టెకు పంగ లేదు. వైరు జారింది, దీనికీ తొడుగు పగిలిన చోటొకటి పిడికిటి దాకా వచ్చింది. అరుపేమీ లేదు. అలసిపోయినవాడిలా ఆదెయ్య మిరపకాయల మధ్య మెల్లగా కూలబడ్డాడు. కుడి భుజం మొదటిసారి కిందికి దిగింది.

ఫోటో అంతకు అర క్షణం ముందే పడింది. వైరు రెండున్నర మీటర్ల మీదే ఉంది. సాయంత్రానికి ఆ ఫిర్యాదు కూడా మూతపడింది.

మర్నాడు పొద్దున్నే శైలజ ఉగ్గాని గిన్నె మీద మూత పెట్టి, మెట్ల వైపు ఒకసారి చూసి, బట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టింది. ఈసారి తల వంచలేదు. నాలుగు పలకరాళ్ళ మధ్య, ఎన్నో ఏళ్ళ పట్టుకు నున్నబడి, చెయ్యి పట్టినంత మేర నల్లబడిన కర్ర నిటారుగా నిలబడి వైరును మోస్తోంది.