మూడు వందల పన్నెండు కార్లు

మేనేజర్ క్రూగర్ రెండు కాగితాలనూ భావన, గిరిజల ముందు పక్కపక్కన బల్ల మీద పడేశాడు. ఒకే జూన్ నెల, ఒకే సర్వీసు, అంకెలు మాత్రం రెండు. భావన రిపోర్టులో చందాదారులు 48,620. గిరిజ రిపోర్టులో 45,130. రెండూ నిన్ననే డైరెక్టర్లకు చేరిపోయాయి. పదకొండింటికి వాళ్ళ మీటింగ్. అప్పటికి తనకు ఒకే అంకె కావాలనీ, తప్పెవరిదో పేరుతో సహా కావాలనీ పొడిపొడిగా జర్మన్‌లో చెప్పేసి, తలుపు మూసి వెళ్ళిపోయాడు.

టైము పదీ ఐదు.

కారు తెర మీద దారీ ట్రాఫిక్కూ చూపించే సర్వీసుని ఏడాది చందాకి అమ్మే సంస్థ వాళ్ళది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఆ ఆఫీసు తెరిచిన ఏడాది నుంచీ గిరిజ అందులోనే ఉంది. భావన వచ్చి ఆరు నెలలు. ఆమె ప్రొబెజైట్, అంటే ఉద్యోగంలో పరీక్షా కాలం, ఈ శుక్రవారంతో ముగుస్తుంది. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం ఖాయం చెయ్యరు. ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

తేలాలనే గిరిజ కోరిక. ఆ మాట పైకి అనలేదు గానీ, పొద్దున క్రూగర్ మెయిల్ చూసినప్పుడు కాఫీ ఎప్పుడూ లేనంత రుచిగా అనిపించింది.

ఎందుకనిపించదు? గిరిజ తన కొడుక్కి కీటాలో, అంటే చిన్నపిల్లల్ని చూసుకునే బడిలో, సీటు కోసం పద్నాలుగు నెలలు తిరిగింది. భావన కూతురికి రెండో నెలలోనే దొరికింది. గిరిజ ఆరేళ్ళుగా గుటెన్ మోర్గెన్ అనే పొద్దుటి పలకరింపు దగ్గరే ఆగిపోతే, భావన క్రూగర్‌తో ఫుట్‌బాల్ గురించి జర్మన్‌లో జోకులేస్తుంది. అతను పడీపడీ నవ్వుతాడు. గిరిజ దగ్గర అతను ఒక్కసారీ పళ్ళు కనబరచలేదు.

"అక్కా, ఒక్క మాట అడుగుత, కోపం చేయొద్దు," అంది భావన ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంటూ. "మీ లెక్కల ఉన్నది మనుషులా, కార్లా?"

"ఒప్పందాలు," అంది గిరిజ ముక్తసరిగా.

"గదే మరి. నేను కార్లు లెక్కబెట్టిన. ఇంట్ల రెండు కార్లుంటే మీకు ఒకటి, నాకు రెండు."

ఆ తేడా తీస్తే 768 వచ్చింది. గిరిజ ఆ అంకెను రెండుసార్లు సరిచూసుకుంది. ఇందులో తప్పెవరిదీ కాదు.

రెండో తేడా ఇంకా పెద్దది. ఇక్కడి జనం చందా కట్టిన రోజే కుండిగుంగ్, అంటే చందా రద్దు ఉత్తరం, కూడా పంపేస్తారు. గడువు దాటితే ఇంకో ఏడాదికి తనంతట తానే కొనసాగిపోతుందని ముందే ఆ జాగ్రత్త. గిరిజ రిపోర్టు ఆ ఉత్తరం అందిన రోజే మనిషిని తీసేస్తుంది. భావన రిపోర్టు ఏడాది చివరి రోజు దాకా ఉంచుతుంది. ఒకటి వచ్చే ఏడాది ఎవరుంటారో చెబుతోంది, ఇంకోటి ఇవాళ ఎవరున్నారో చెబుతోంది. అలాంటివాళ్ళు 2,410 మంది. ఇదీ ఎవరి తప్పూ కాదు. గిరిజ గబగబా ఆ రెండు అంకెలూ మొత్తం తేడాలోంచి తీసేసి చూసింది.

మిగిలినవి 312.

భావన వాటి ఛాసిస్ నంబర్లు బయటికి తీసింది. మూడు వందల పన్నెండు కార్లూ ఒకే చిరునామాలో ఉన్నాయి. గిరిజ మొదటి చూపులోనే గుర్తుపట్టింది. అవి తమ టెస్టింగ్ విభాగం కార్లు. చందా కట్టినవి కావు, ఏ రిపోర్టులోనూ ఉండకూడదు.

భావన మొహం తెల్లబోయింది. టెస్ట్ కార్ల జాబితా పెట్టి వాటిని తీసేశాననీ, మార్చిలో గిరిజ పంపిన జాబితానే అదనీ అంది. ఆమె గొంతులో నిందేం లేదు. తనే ఎక్కడో పొరబడ్డానని వెతుక్కుంటోంది.

గిరిజ వెతకనక్కర్లేదు. ఫోల్డర్‌లో రెండు జాబితాలు ఉండేవి, పాతదీ కొత్తదీ. ఈ మూడు వందల పన్నెండు కార్లూ కొత్తదాంట్లోనే ఉన్నాయి. భావన జాబితా అడిగింది, తన కూతురికి కీటా సీటు వచ్చిందని ఆఫీసంతా స్వీట్లు పంచిన రోజునే. గిరిజ చెయ్యి కొత్తదాని మీద ఆగి, పాతదాని మీదికి జరిగింది. అంత తెలివైంది కదా, తనే కనిపెట్టుకుంటుందిలే అనుకుని పంపేసింది.

తలుపు తెరుచుకుంది. క్రూగర్ వచ్చి, వాళ్ళు తేల్చిన లెక్క నిలబడే విన్నాడు. రెండు తేడాలకూ తలూపాడు. మూడోదాని దగ్గర ఆగి, ఆ జాబితా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు.

గిరిజ లెక్కేసుకుంది. ఇప్పుడు భావన తన వైపు వేలు చూపిస్తుంది. చూపిస్తే పొరపాటున వెళ్ళిందని చెప్పొచ్చు, సమాధానం సిద్ధంగానే ఉంది.

భావన వేలు చూపించలేదు. ఎవరిచ్చినా వాడేముందు తేదీ చూసుకోవలసింది తనేననీ, తప్పు తనదేననీ తడబడకుండా జర్మన్‌లో చెప్పింది. క్రూగర్ నోట్‌బుక్ తీసి ఆమె పేరు రాసుకున్నాడు. రాస్తూనే ఆమెను ఒక రకమైన గౌరవంతో చూశాడు. ఆ చూపు కోసం గిరిజ ఆరేళ్ళు ఎదురుచూసింది.

అదీ దానికేనా? కీటా సీటు దానికే, నవ్వులు దానికే. చివరికి గిరిజ చేసిన తప్పు తాలూకు మర్యాద కూడా దానికే దక్కాలా?

గిరిజ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"ఆ పేరు కొట్టేయండి," అంది వచ్చీరాని జర్మన్‌లో. "పాత జాబితా అని తెలిసే పంపాను. పంపింది గిరిజ. నేను."